అక్కకు మిగిలిన కిడ్నీ

బావకి రెండు కిడ్నీలూ పాడైనప్పుడు అక్క తనదొకటి ఇచ్చింది. ఆ తర్వాత శ్రీముఖలింగం దగ్గర ఊళ్ళో ఇద్దరూ మళ్ళీ వరి పండించుకుంటూ బాగానే ఉన్నారు. పోయిన ఏడాది కడుపునొప్పికి స్కానింగ్ తీయిస్తే, అక్కకు మిగిలిన ఆ ఒక్క కిడ్నీలో గడ్డ కనిపించింది. క్యాన్సర్ కావచ్చన్నారు.

విశాఖపట్నం ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. గడ్డ రక్తనాళాలను ఆనుకుని లోతుగా ఉందని, కిడ్నీ మొత్తం తీసేస్తే ఇక డయాలసిసే గతి అని డాక్టరు చెప్పారు. రోబో సాయంతో గడ్డ వరకే కోసి తీస్తామన్నారు. మధ్యలో కుదరకపోతే మొత్తం తీయాల్సి రావచ్చని కూడా దాచలేదు. కోసేది రోబోనా, మీరా అని అక్క అడిగింది. తానే పక్కన కూర్చుని దాని చేతులు నడుపుతానని ఆయన అన్నాక సంతకం పెట్టింది.

ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు సంచి సర్దుతూ అక్క బావ మందుల డబ్బా తెరిచింది. పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆయన రోజూ వేసుకోవాల్సిన మాత్రలు మూడు రోజులుగా అలాగే ఉన్నాయి. బావని నిలదీసింది.

"నీది నీకు తిరిగిచ్చీమని డాక్టర్ని అడిగినాను. కుదర్దన్నాడు," అన్నాడు బావ. "మరి నాకెందుకే అది?"

అక్క ఏడవలేదు. "నేనిచ్చింది నువ్వు సంపీడానికి కాదు మావా. ముందు మాత్ర ఏసుకో."

నీళ్ళు నేను తెచ్చాను. ఆయన మాత్ర మింగేదాకా అక్క ఎదురుగానే నిలబడింది. మర్నాడు శ్రీకాకుళంలో ఆయనకు రక్తపరీక్ష చేయించి, ప్రమాదమేమీ లేదని తెలిశాకే అక్క విశాఖ బస్సెక్కింది.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. గడ్డ వచ్చేసింది, కిడ్నీ నిలిచింది. కానీ కోసేటప్పుడు రక్తం ఆపి ఉంచడం వల్ల అది వెంటనే పని అందుకోలేదు. మూడుసార్లు డయాలసిస్ చేశారు. మంచానికి కట్టిన మూత్రం సంచినే చూస్తూ బావ నేల మీద కూర్చునేవాడు. ఆరో రోజుకి అది నిండడం మొదలైంది.

గడ్డ క్యాన్సరేనని రిపోర్టు వచ్చింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ ఏమీ మిగల్లేదన్నారు. అయినా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పాత అంకెకు దిగలేదు. మొన్నటి పరీక్షలో ఇంకాస్త పెరిగింది. నెల ఆగి చూద్దామన్నారు డాక్టరు.

ఈ సంగతి బావకు చెప్పొద్దని అక్క నా చేత మాట తీసుకుంది. రిపోర్టు ఎలా వచ్చిందని ఆయన నాకు రోజూ ఫోన్ చేస్తున్నాడు. బాగానే ఉందని చెబుతున్నాను.