మంత్రి ముందరి బంటు

ఈ రోజు చేతికొచ్చిన చెస్ ఆటను కావాలనే డ్రా చేశాను. డ్రా అయితే లేవకుండా ఇంకో ఆట ఆడాలన్నది చింతామణిలోని నా బట్టల కొట్లో మా ఇద్దరి ఆరేళ్ల ఒప్పందం. బదిలీ మీద బాగేపల్లికి వెళ్తున్న రెడ్డప్ప మేష్ట్రుకు ఇదే ఆఖరి సాయంత్రం మరి.

ఆయన కనిపెట్టేశారు. “గెలిచే ఆటని చెడగొట్టుకొంటివి కదప్పా! నాకు బస్సుకు టైమైంది. నా ఎత్తు వేసి పోతాండా, నిదానంగా ఆలోచించు,” అన్నారు.

పావులన్నీ తిరిగి పేర్చి, ఎప్పటిలాగే మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరిపి వెళ్లిపోయారు.

జవాబు ఎత్తు నాకు తెలుసు. కానీ వేస్తే మళ్లీ ఆయన వంతు వస్తుంది, ఆడటానికి ఆయన ఉండరు. అందుకే వేయకుండానే కొట్టు మూసేశాను. మీరైతే వేసేవారా?