గోడకి అడిగిన తూము

తుఫాను వాన రెండో రోజూ తగ్గలేదు. కోసిన వరి పనలు చేలోనే ఉన్నాయి. నేనూ నా భార్యా వాటిని గట్టు మీదకి మోస్తుంటే మావయ్య పోయాడని ఫోన్ వచ్చింది. పొద్దున్న లేవలేదంతే. చేతిలో పనలు అక్కడే పెట్టి బయల్దేరాం.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. మా ఊరి చిన్న చర్చికి సంఘ పెద్ద. చర్చి చుట్టూ ప్రహరీ గోడ కట్టిన ఏడాది నుంచి మాత్రం లోపల అడుగు పెట్టలేదు.

చర్చి పక్కన ఒక ముసలమ్మ కళ్లం ఉంది. ఆమె మా సంఘం మనిషి కాదు. కళ్లంలో పడిన వాన నీరు ఎప్పటినుంచో చర్చి స్థలం మీదుగా రోడ్డు కాలవలోకి పోయేది. గోడ లేచాక ఆగిపోయింది. కట్టేటప్పుడు అది ఎవరికీ తట్టలేదు, మావయ్యకీ తట్టలేదు. మొదటి వానకే నీళ్లు నిలిచి ఆమె ధాన్యం మొలకెత్తింది.

గోడ అడుగున ఒక్క తూము పెడదామని మావయ్య అడిగాడు. చర్చి ఆవరణలో వేసిన కొత్త టైల్సు మీద మురికి నీరు పారుతుందని మిగతా పెద్దలు ఒప్పుకోలేదు. ముసలమ్మ కూడా గట్టిగా అడగలేదు. "దేవుడి గోడతో నానేటి తగువాడతాను బాబూ" అంది.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చెయ్యమంటే మావయ్య తల అడ్డంగా ఊపాడు. "నోరు రాటం నేదండి" అని లేచి బయటికి వచ్చేశాడు. అప్పటినుంచి గేటు దగ్గర నిలబడే పాటలు పాడేవాడు. ఆయన గొంతు లోపలి వాళ్లందరికంటే పైకి వినిపించేది. అత్తయ్య దెప్పేది: "పెద్దరికం గేటు కాడికి దిగిపోనాది. ఇంక వాచ్‌మేన్ జీతం అడుగు."

వాన పడితే పార పట్టుకుని కళ్లానికి పోయి, గోడ చుట్టూ బోదె తవ్వి నీరు తీసేవాడు. మళ్లీ వానకి అది పూడిపోయేది. మళ్లీ తవ్వేవాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

"ఊరంతా లోపల కూకున్నారు. మనసాచ్చి నీ ఒక్కడికే ఉందేటి మావా?" అన్నాను ఒకసారి.

"నీకూ ఉందిరా. నువ్వు దాన్ని పిలవనేదు, అంతే" అన్నాడు. బురద దులుపుకుని మళ్లీ అన్నాడు: "మొదటిసారి ముల్లులా గుచ్చుతాది. ఊరుకుంటే రెండోసారి గీరినట్టుంటాది. మూడోసారికి ఏటీ తెలీదు. ఆ తెలీకపోడమే నాకు బయిం."

ఏదైనా తప్పు పని దగ్గర నా చెయ్యి ఆగుతోందంటే ఆయన వల్లే. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. దానివల్ల సుఖపడ్డానని మాత్రం చెప్పలేను. ఆయనా ఎవరినీ మార్చలేకపోయాడు. గోడ అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్న మావయ్య శవపెట్టెని చర్చిలోకి తీసుకెళ్లాలన్నారు సంఘ పెద్దలు.

"ఆయన దాటనన్న గుమ్మం సచ్చాక దాటించకండి. గేటు కాడే ఉంచండి" అంది అత్తయ్య.

"వానలో ఎలా ఉంచుతామమ్మా" అన్నారు పాస్టరుగారు. నలుగురు ఎత్తారు. మావయ్య లోపలికి వెళ్లాడు.

ప్రసంగం మనస్సాక్షి గురించే. ఆయనలాగా అంతరంగంలోని మాట వినాలని, వినకపోతే భక్తి వట్టి వేషమని పాస్టరుగారు చాలాసేపు చెప్పారు. తూము మాట రాలేదు. అందరూ తలలూపారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గోడ అవతల వరి కుప్ప అడుగు నీళ్లలో ఉంది. ముసలమ్మ తపేలాతో నీళ్లు తోడిపోస్తోంది. పోసిన నీరు మళ్లీ వెనక్కే వస్తోంది.

అత్తయ్య కూడా అటే చూస్తోంది. నావైపు వంగింది.

"ఒరే, మీ మావ పార ఏదిరా?"

"గేటు కాడే ఉంది."

ప్రసంగం సగంలో ఉండగా అత్తయ్య లేచి వెళ్లి, గేటు దగ్గరి పార తీసుకుని కళ్లం వైపు నడిచింది. ఆమె వెనక నేను వెళ్లాను. మిగిలినవాళ్లు ప్రసంగం పూర్తయ్యాక, పన్నెండు దాటాక బయటికి వచ్చారు.