నల్లబట్టలు విప్పిన చోటు

మనాంగ్ బసిలిసా చేప కోస్తుంటే కత్తి చప్పుడు వినిపించదు. కోడియాక్ రేవులో, మా కంపెనీ బల్ల దగ్గర, ఇరవై రెండేళ్ళు ఆమె పక్కన నిలబడ్డాను. సముద్రం ఆవలి దీవుల నుంచి వచ్చిన ఇలోకోస్ వాళ్ళం మేం, పెద్దక్కను మనాంగ్ అంటాం. నాకే కాదు, బల్ల మొత్తానికీ ఆమె మనాంగే.

ఆమెకున్న గ్రీన్ కార్డుతో చేపలు కోయొచ్చు, పన్ను కట్టొచ్చు. ఓటు వెయ్యకూడదు. అయినా ఎన్నికల రోజున చర్చి హాల్లో ఓటుపెట్టె దగ్గర కూర్చునేవాళ్ళకు ఆమె లుంపియా అనే మా మాంసం చుట్టలు వేయించి పట్టుకెళ్ళేది. అక్కడ మార్జ్ అనే ముసలామె ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"బసిలిసా, తిండి తెస్తావు సరే. ఓటెప్పుడు తెస్తావు?"

"నూనె కాగుతోందమ్మా. కాగనియ్యి."

పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలనుకున్న ఏడు ఆమె తల్లి పోయింది. వాళ్ళ ఊళ్ళో సమాధి దగ్గర నల్లబట్టలు కట్టిన మనిషి, చావు జరిగి ఏడాది తిరిగేదాకా అక్కడే ఉండి, అక్కడే విప్పాలి. టికెట్టు దొరికేసరికి మూడు వారాలైంది. బయల్దేరే ముందు నన్నడిగింది.

"ఏడాదిలోపు వచ్చేస్తే ఏం కాదంటారు. నిజమేనా, నెలియా?"

"ఏం కాదు మనాంగ్. మా ఆడపడుచు పదకొండు నెలలుండి వచ్చింది. అడిగిన నాథుడు లేడు."

నేను చెప్పింది కార్డు సంగతి. పౌరసత్వానికి లెక్క వేరని నాకు తెలీదు. బల్ల దగ్గర ఎవరికీ తెలీదు.

ఆమె గది ఖాళీ చేసింది. పని మానుకుంది. తన కత్తులు రెండూ గుడ్డలో చుట్టి నాకిచ్చింది. ఏడాది తిరిగిన వారానికి, వెళ్ళిన మూడువందల యాభై రెండో రోజున తిరిగొచ్చింది.

దరఖాస్తు పెట్టాక ఆంకరేజ్‌లోని పౌరసత్వ ఆఫీసుకు పిలిచారు. తోడు వెళ్ళి బయట కూర్చున్నాను. లోపల అధికారి అడిగింది తర్వాత ఆమే చెప్పింది.

"ఆరు నెలలు దాటితే, ఇక్కడి కాపురం తెగిపోయిందనే అనుకుంటాం. తెగలేదని మీరే చూపించాలి. గది ఉంచుకున్నారా?"

"లేదండి."

"ఉద్యోగం? ఇంట్లోవాళ్ళెవరైనా?"

"లేదండి."

"మరి ఇక్కడ ఏం వదిలి వెళ్ళారు?"

"రెండు కత్తులు."

అధికారి నవ్వలేదట. తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ళ ఆరునెలలు గడిచాక మళ్ళీ రమ్మన్నాడట.

తిరుగు విమానంలో నేను ఏడ్చాను. "నా నోరు పడిపోను. నేనే చెప్పాను."

"నువ్వు చెప్పకపోతే మా అమ్మను వదిలేసేదాన్నా? కళ్ళు తుడుచుకో. ఆ బిస్కెట్టు తినకపోతే ఇటివ్వు."

మూడో ఏట ఆమె చెల్లెలు పోయింది. ఈసారి మాకందరికీ లెక్క తెలుసు. గది ఉంచుకో, సెలవు పెట్టు, నెలలో వచ్చెయ్యి అన్నాం.

"అక్కడ కడితే అక్కడే విప్పాలి. నెలలో ఏడాది తిరుగుతుందా?" అంది.

వెళ్ళలేదు. ఒక ఆదివారం రేవు పక్క రాళ్ళ మీద నిలబడి నల్లబట్టలు కట్టుకుంది. మాలో అందరికన్నా పెద్దది, బసిలిసా కూడా మనాంగ్ అని పిలిచే కోర్దాప్యా, ఊరుకోలేదు.

"సమాధి లేని దుఃఖమేమిటే? చేపలకు మొక్కుతావా?"

"మొక్కితే తప్పేముంది? ఇరవయ్యేళ్ళుగా అన్నం పెడుతున్నాయి. అయినా మనాంగ్, మా చెల్లి ఊరి ఒడ్డున ఉన్నవీ ఈ నీళ్ళే."

ఏడాది పాటు పసుపు రబ్బరు కోటు కింద నల్లబట్టలతోనే పనికి వచ్చింది. ఏడాది నిండిన రోజున అవే రాళ్ళ మీద విప్పింది. కోడి పులుసు, అన్నం వండి అందరికీ పెట్టింది. కోర్దాప్యా రెండుసార్లు వడ్డించుకుంది.

ఆంకరేజ్‌లో ఈసారి వేరే అధికారి.

"తిరిగొచ్చాక మళ్ళీ దేశం దాటారా?"

"లేదండి."

"అవసరం రాలేదా?"

"వచ్చింది."

అతను సంతకం పెట్టాడట.

ఆ నవంబరులో చర్చి హాలుకు ఆమెతో నేనూ వెళ్ళాను. నాకింకా ఓటు లేదు, పళ్ళెం మోశాను. మార్జ్ జాబితాలో పేరు వెతికింది. దొరికాక దాని మీద వేలు పెట్టి, తీయకుండా తలెత్తింది.

"కాగిందమ్మా," అంది మనాంగ్.

తెర వెనక చాలాసేపు ఉంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆమె తొందరపడలేదు. కాగితం మీద పెన్ను చప్పుడు కూడా వినిపించలేదు.