రెండు గొట్టాల తుపాకీకి ఎదురుగా

వంట, ఇంటిపని, పిల్లలు. ఏజెంటు నాకు చెప్పిన పనులు ఇవే. దొంగ వేషం కూడా వెయ్యాలని చెప్పలేదు. సౌదీలో తబూక్ ఊరి బయట, తోట మధ్యలో ఉన్న ఆ ఇంట్లో నాలుగేళ్లకు పైగా పని చేశాను. ఆఖరి ఏడాది ప్రతి శుక్రవారం పొద్దున దొంగను నేనే. కూటి కోసం కోటి విద్యలన్నారు, అందులో ఇదొకటి కాబోలు అనుకుని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సంగతేమిటంటే, పక్క తోటలో ఎవరో పట్టపగలే పడి నీళ్ల మోటార్లు, కరెంటు వైర్లు ఎత్తుకుపోయారు. నేను బాబా అని పిలిచే మా యజమాని వ్యాపారం మీద వారంలో నాలుగు రోజులు జెద్దాలో ఉంటాడు. ఇంట్లో మేడం, అంటే ఆయన భార్య, బడికి పోయే ఇద్దరు మగపిల్లలు, రెండున్నరేళ్ల పాప, నేను. ఆయనకు భయం పట్టుకుంది. భయపడటంలో తప్పేమీ లేదు. వేటకు వాడే తన రెండు గొట్టాల తుపాకీని తెచ్చి పడకగదిలో బీరువా మీద, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాడు. దానికి లైసెన్సు కూడా ఉంది.

తర్వాత భార్యకు పాఠం చెప్పాడు. చప్పుడు వినిపిస్తే ఇల్లంతా తిరిగి వెతకకూడదు. పిల్లల్ని తీసుకుని పడకగదిలోకి పోవాలి, తలుపుకు తాళం వెయ్యాలి, పోలీసులకు ఫోను చెయ్యాలి. మంచం వెనక కూర్చుని తుపాకీ తలుపు వైపు పెట్టుకోవాలి. ఆ తలుపు తోసుకుని వచ్చినవాడే దొంగ. ఉండేవి రెండే తూటాలు కాబట్టి తొందరపడకూడదు. మంచి మాటలే, నేను కాదనను.

కానీ నేర్చుకోవడానికి ఒక దొంగ కావాలి కదా. ఇల్లంతా చూసి నన్ను పిలిచాడు. నేను హాల్లోంచి చప్పుడు చేస్తూ వచ్చి తలుపు తొయ్యాలి. లోపల మేడం నా రొమ్ముకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతుంది, టక్కుమంటుంది, మగపిల్లలు చప్పట్లు కొడతారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మొదలుపెట్టే ముందు బాబా తుపాకీని మధ్యలో వంచి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని చూపించేవాడు. భార్యకు చూపించేవాడు, నాకు కాదు. నేనే మెడ సాచి చూసుకునేదాన్ని.

ఒక శుక్రవారం నా నోరు ఊరుకోలేదు. "బాబా, నిజంగా దొంగ వస్తే నేనెక్కడ ఉండాలి?" అని వచ్చీరాని అరబ్బీలో అడిగాను. ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. అంతవరకు ఆ సంగతే ఆయనకు తట్టలేదని మొహం చూస్తే తెలిసిపోయింది. "నీ గదిలోకి పోయి గడియ వేసుకో" అన్నాడు. నా గది వంటింటి వెనక, పెరటి తలుపు పక్కనే. దానికి గడియ లేదు. నేను చేరిన వారంలోనే ఊడదీయించింది ఆయనే. ఆ మాట అంటే, పెట్టిస్తానన్నాడు.

ఆ ఇంటి కారు నడిపే అతను మా రాయచోటి వైపు మనిషే. కనబడినప్పుడల్లా అదే అడిగేవాడు.

"గడియ పెట్టిచ్చినాడా అక్కా?"

"పెట్టిచ్చినాడు, నా తలకాయ! దొంగకు ఎవురన్నా గడియ పెడ్తారా?"

"నగుతాండావు గానీ, ఇంకోసారి అడుగు. ఊరికే ఉంటే ఎట్ల?"

"అడిగి అడిగి నోరు నొచ్చింది. నువ్వడుగు, మొగోనివి."

అతను అడగలేదు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు, నాదీ అతనిదీ కూడా, ఆ యజమాని చేతిలోనే ఉంది మరి.

అట్లా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. బాబాను ఎయిర్‌పోర్టులో దింపడానికి కారు పోయింది. భోజనాలయ్యి మేడం, మగపిల్లలు పడకగదిలో పడుకున్నారు. పాప ఎప్పట్లాగే వంటింట్లో నా చాప మీద. నేను జోకొడితే తప్ప నిద్రపోదు ఆ పిల్ల. ముందు ఇనుపగేటు దబదబ మోగింది. ఆ వెంటనే పెరటి వైపు అద్దం భళ్లున పగిలింది. ఓరి నాయనో అనుకుంటూ పాపను చంకనేసుకుని పరిగెత్తాను. నా గదిలో ఉండమన్న మాట గుర్తుంది. గడియ లేని గదిలో పసిపిల్లను పెట్టుకుని ఎట్లా కూర్చునేది?

పడకగది తలుపుకు అప్పటికే తాళం పడింది. "మేడం, తలుపు తియ్యండి!" అని అరిచాను.

"ఎవరు?" అంది. నాలుగేళ్లు నా చేతి కూడు తిన్న మనిషి, నా గొంతు విని ఎవరు అంది.

"నేనే. పాప నా దగ్గరుంది."

లోపల తుపాకీ మూసిన చప్పుడయింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. శుక్రవారాల్లో అది ఖాళీ తుపాకీ, ఇప్పుడు కాదు.

"పాపను లోపలికి పంపు. నువ్వు అక్కడే ఉండు."

తలుపు జానెడు తెరుచుకుంది. పైన రెండు గొట్టాలు, కింద పెద్ద పిల్లవాడి చెయ్యి. పాప నా చున్నీ పట్టుకుని వదలదు. ఏడుస్తున్న బిడ్డ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, నేనే లోపలికి తోశాను. తలుపు మూసుకుంది, తాళం రెండుసార్లు తిరిగింది.

"మేడం, మరి నేను?" అన్నాను.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే. తలుపు పక్కన గోడకు అతుక్కుని కూర్చున్నాను. నాకేమన్నా అయితే ఊళ్లో నా కూతురికి ఎవరు, ఏమని చెబుతారు అన్న ఒక్కటే ఆలోచన. తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను, ఎవరూ పలక్కపోతే తిట్టాను కూడా.

చివరికి దొంగా లేడు, గింగా లేడు. గాలికి గేటు కొట్టుకుంది, మేకల కొట్టం రేకు ఎగిరొచ్చి అద్దానికి తగిలింది, అంతే. పోలీసులు వచ్చి చూసి చెప్పారు. అప్పుడు మేడం బయటికొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. "నువ్వు నా చెల్లెలివి" అంది. చెల్లెల్ని ఎవరన్నా తలుపు బయట ఉంచుతారా తల్లీ, అన్నాను తెలుగులో. అర్థం కాక తల ఊపింది.

జెద్దా నుంచి వచ్చాక బాబా నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. కోపమేమీ లేదు, భార్యకు పాఠం చెప్పినట్టే చెప్పాడు. "ఆమె చేసింది సరైన పనే. దొంగ నీ మెడ మీద కత్తి పెట్టి నీ చేత పిలిపించి ఉంటే? తలుపు తీస్తే అందరూ పోయేవాళ్లు."

"కత్తి పాప మెడ మీద పెట్టి ఉంటే?" అన్నాను.

ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "పాపకైతే తీస్తాం" అన్నాడు.

నేను లేచి నిలబడి, ఊరికి పోతాను, ఎగ్జిట్ కొట్టమన్నాను. సెలవు కాదు, మళ్లీ రాని ఎగ్జిట్. ఆయన నిజంగానే బిత్తరపోయాడు.

"ఎందుకు పోతావు? నీకేం కాలేదు కదా?" అన్నాడు.