కొత్త దుప్పటికి అవ్వ పెట్టిన షరతు

నేను పాలిటెక్నిక్ చదివి ఆత్మకూరులో ఒక వర్క్‌షాపులో మెషిన్ డ్రాయింగులు వేస్తుంటాను. అక్క నెల తప్పిందని తెలిసినప్పుడు, పుట్టబోయే బిడ్డకు నా చేత్తో ఏదైనా చేయాలనిపించి, వీడియోలు చూసి క్రోషే అల్లిక నేర్చుకున్నాను. మన ఎండలకు ఊలు పనికిరాదని నూలు దారం కొన్నాను. ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, ఇంద్రధనుస్సులోని ఏడు రంగులు, రంగుకు పది వరుసలు, మధ్య మధ్య శనగగింజంత బొడిపెలతో నాలుగు నెలల్లో దుప్పటి పూర్తి చేశాను.

ఉదయగిరిలో మా ఇంట్లో బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు చుట్టాలందరి ముందు దాన్ని విప్పాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"కొత్తది బిడ్డకి కప్పగూడదురా. పెద్దోళ్ళు వాడిన పాతగుడ్డే కప్పాల."

"అన్నీ లెక్కేసినాడు, ఇదొక్కటి మరిచినాడు!" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం నవ్వలేదు.

కాసేపు ఆలోచించి దుప్పటిని అవ్వ భుజాల చుట్టూ కప్పాను.

"ఈ ఇంట్లో నీకంటే పెద్దోళ్ళు ఎవురుండారవ్వా? ఎంతసేపు వాడితే పాతదవతాది?"

అవ్వ బొడిపెల మీద వేళ్ళు పోనిస్తూ కూర్చుంది. భోజనాలయ్యాక పెద్దమ్మ తీయబోతే, "ఉండవే, ఇంకా పాతబడలా" అంది.

సాయంత్రం తనే లేచి బిడ్డకు కప్పింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ అంచు ఎత్తి చూపిస్తూ, "మావోడే అల్లినాడు" అని చెప్పింది.

నా డ్రాయింగులతో ఎన్నో యంత్ర భాగాలు తయారయ్యాయి. వాటిలో దేన్ని చూసినా నాకు అంత గర్వం కలగలేదు.