తొర్రూరు పంతులికి గాలిని చూపినవాడు

ఆ ఉదయం ఫోన్ చేసింది నా దోస్తు కూతురు. టేకుమట్లలో టీచరు. "కాకా, నాయిన పోయిండు" అన్నది.  మనవరాలిని చూద్దామని వచ్చినవాడు చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట. భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మధ్యాహ్నానికి మహబూబాబాద్ దగ్గరి వాళ్ల తండాకు తెచ్చారు. నేను తొర్రూరు నుంచి వెళ్లేసరికి ఆడవాళ్లు తమ లంబాడీ భాషలో రాగం తీసి ఏడుస్తున్నారు. ఒక్క మాటా అర్థం కాలేదు. వాడి గురించే కదా అని నిలబడి చివరిదాకా విన్నాను.

వాడు మీకు తెలిసినవాడు కాదు. నేవీలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత అండమాన్‌లో ఎవరిదో తెరచాప పడవను చూసుకునే పనికి కుదిరాడు. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, మిగతా నెలలు తండాలో. తండాలో ఉన్నా సరే, గడప దాటగానే ముందు ఆకాశం చూసేవాడు. తువ్వాలైనా సంచి తాడైనా చేతికి ఏది దొరికితే దానికి ముడి వేసి, ఒక్కసారి లాగి విప్పేవాడు. "విప్పరాని ముడి ముడి గాదు, చిక్కు" అనేవాడు.

మేమిద్దరం కలిసింది కొడకండ్ల హాస్టల్లో, ఆరో తరగతిలో. తండా దాటి రావడం వాడికి అదే మొదటిసారి. తెలుగు సరిగా రాదు. ఒకరోజు క్లాసులో దాహమై, సారును నీళ్లు అడగబోయి "పాణి" అన్నాడు, వాళ్లింట్లో అన్నట్టే. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అంతటితో ఆపలేదు, దాన్నే వాడికి పేరుగా పెట్టాను. పదో తరగతి దాకా హాస్టలంతా వాడిని అలాగే పిలిచింది. నాకది చాలా ఏళ్ల పాటు తప్పుగా కూడా తోచలేదు.

తర్వాత నేను తొర్రూరులో సోషల్ టీచరునయ్యాను. రుతుపవనాలు, పగడపు దీవులు, సముద్ర ప్రవాహాలు అన్నీ బల్ల మీద కర్రతో కొట్టి మరీ చెప్పాను. నేను చూసిన సముద్రమల్లా విశాఖపట్నంలో మోకాలి లోతు నీళ్లే. ఈత రాదు. రిటైరైన ఏడాది ఈ మాటే ఫోన్లో చెప్పి నవ్వితే వాడు నవ్వలేదు. "గాలి ఎటుదిక్కు నుంచి వస్తదో పుస్తకానికి తెలుసు. నీ మొఖానికి తెలుసా పంతులూ? రా, చూపిస్త" అన్నాడు. ఆ ఏప్రిల్‌లో అండమాన్ వెళ్లాను. పడవ యజమాని సంతోషంగా ఒప్పుకున్నాడు. పన్నెండు రోజులు ఇద్దరమే ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిరిగాం.

మొదటి రెండు రోజులు నేను వాంతులు తప్ప వేరే పని చేయలేదు. వాడు నిమ్మకాయ కోసిచ్చి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండమన్నాడు. మూడో రోజు లేచి కూర్చున్నాను. పొద్దునా సాయంత్రమూ మేం ఎక్కడున్నామో రేడియోలో ఒడ్డువాళ్లకు చెప్పే పని నాకిచ్చాడు. నా బడి ఇంగ్లీషు విని అవతలివాళ్లు ప్రతిసారీ మళ్లీ చెప్పమనేవారు.

ఆరో రోజు రెండు దీవుల మధ్య ఉండగా పడమర నల్లబడింది. వాడు నాకు చుక్కాని కర్ర అప్పగించి తెరచాప సగానికి దించబోయాడు. గాలి ఒక్కసారిగా విసిరింది. తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర గిర్రున తిరిగి వాడి భుజానికి తగిలింది. పాకుతూ వచ్చి నా ముందు కూలబడ్డాడు. కుడిచెయ్యి లేవడం లేదు. "ఇగ నువ్వే తీస్కపోవాలె" అన్నాడు.  వాన మొహాన కొడుతోంది, పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. నాతో కాదన్నాను.

"అయితది. చెంపకు గాలి ఎక్కడ తగుల్తున్నదో గక్కడనే తగులనియ్యి. తప్పితే కర్ర జర జరుపు. ఊకె ఉండకు, రుతుపవనాల పాఠం చెప్పు, ఇంటా."

చెప్పాను. వానలో, కేకలు వేస్తూ, నైరుతి గాలులు ఎందుకు పుడతాయో మొదటి నుంచి చివరి దాకా. మధ్యలో తప్పు చెప్తే వాడు నొప్పితో పళ్లు బిగబట్టి కూడా ప్రశ్న వేశాడు. పాఠం రెండోసారి చెప్తుండగా దీవి చాటుకు వచ్చాం. గాలి తగ్గింది, నీళ్లు ఆకుపచ్చగా మారాయి. లంగరు నేనే దించాను.

ఆ సాయంత్రం మహబూబాబాద్ నుంచి తెచ్చిన జొన్నపిండితో రొట్టెలు నేను చేశాను, వాడు ఎడమచేత్తో తిన్నాడు. నా రొట్టె ఏ దేశం పటంలా ఉందో చెప్పి నవ్వాడు. అప్పుడు అడగగలిగాను. ఆ పేరు పెట్టినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అన్నాను. 

"పడ్డ. మా యాడికి, కన్నతల్లికి గూడ చెప్పలే. గని నాకు జరం వచ్చినప్పుడు నీ దుప్పటి నాకు కప్పి నువ్వు చాప చుట్టుకొని పండుకున్నవు. రెండు యాదికున్నయి. నేను రెండోదాన్ని పట్టుకున్న."

దుప్పటి సంగతి నాకు గుర్తే లేదు. నాలో నేనే మరిచిపోయిన మంచిని ఇన్నేళ్లు వాడు దాచిపెట్టాడు. ఆ మాట తర్వాత నేను కొంచెం మెరుగైన మనిషినయ్యాననుకుంటాను. తప్పు చేసిన పిల్లల్ని, పెద్దల్ని చూసినప్పుడు వాళ్లలో ఆ రెండోది ఏమై ఉంటుందా అని వెతకడం అలవాటైంది. వాడికి నేను రుణపడింది దీనికే. క్షమించమని ఆ రోజు మాటల్లో అడిగాను కూడా. "రొట్టె మాడుతున్నది చూడు" అన్నాడు.

చివరి రోజు భుజం నెమ్మదించాక, పడవ అడుగున పట్టిన నాచు గీకుతానని బ్రష్షు పట్టుకుని దిగాడు. ఎండ నిలువునా పడుతోంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున తెల్లటి ఇసుక మీద మా పడవ నీడ కనిపిస్తోంది, ఆ నీడలోకీ వెలుగులోకీ వాడు వెళ్లివస్తున్నాడు. నెరిసిన జుట్టు నీళ్లలో నిలబడి ఊగుతోంది. ఒకసారి పడవ కిందికి దూరి ఎంతకీ రాలేదు. నేను అంచు పట్టుకుని వంగి చూస్తూనే ఉన్నాను. వెనక నుంచి పిలుపు వినపడింది. అవతలి పక్క తేలి, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ, నేనెక్కడున్నానా అని వాడే నన్ను వెతుకుతున్నాడు.