తడవని బాణం

మా మేనత్తని ఊరంతా తోకక్క అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. ప్రతి ఆదివారం సైకిల్ క్లబ్బువాళ్ళు సరస్సుల ఒడ్డున పోయి, అడవి రోడ్డు మీదుగా తిరిగి వచ్చేలా గుంపుగా తొక్కుతారు. ఆ గుంపులో అందరికంటే వెనక తొక్కే మనిషి తోక. ఎవరి టైరైనా పంక్చరైతే తోక ఆగాలి. ఎవరికైనా కాళ్ళు పట్టేస్తే పక్కన కూర్చోవాలి. దారి చీలిన చోటల్లా చెట్లకి కట్టిన చెక్క బాణాల్ని విప్పి సంచిలో వేసుకోవాలి. తోక దాటిందంటే ఇంక వెనక ఎవరూ లేరని లెక్క. అందుకని తోక తప్ప ఇంకెవరూ బాణం మీద చెయ్యి వెయ్యకూడదు. క్లబ్బులో గేర్ల గురించీ, టైర్ల గురించీ గంటలు గంటలు కొట్లాడుకుంటారు గాని, ఈ ఒక్క మాట దగ్గర ఎవరూ నోరెత్తరు.

అత్తయ్య సరదాకి సైకిల్ నేర్చుకోలేదు. చిన్నతనంలోనే బేకరీలో పనికి కుదిరి, పొద్దున్నే సరస్సు చుట్టూ ఉన్న ఇళ్ళకి రొట్టెలు వేసి వచ్చేది. రొట్టెల బుట్ట దింపేసి, అదే క్యారియర్ మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళేది. ఆ తమ్ముడే మా బాబాయి. ఎదురుగాలి వీస్తుంటే ఆయన అక్క వీపు చాటున హాయిగా నిద్రపోయేవాడట. మీసాలొచ్చినా ఆ క్యారియర్ మీద నుంచి ఆయన దిగలేదని నా అనుమానం. గుంపు వెంట నీళ్ళూ పళ్ళూ మోసుకెళ్ళే క్లబ్బు వ్యాన్ నడిపే పని కూడా అత్తయ్య అడిగితేనే వచ్చింది.

నేను బడి మానేశాక అత్తయ్య దగ్గరే ఉంటున్నాను. బాణాలకి రంగులు వేసేది నేనే. ఏ బాణం ఏ చెట్టుదో తెలియడానికి వెనకవైపు చిన్న బొమ్మ వేస్తాను. పెద్ద సరస్సు దాటాక మూడు దారులు కలిసే చోట కట్టే బాణానికి కొంగ బొమ్మ ఉంటుంది. అక్కడ ఎడమకి తిరిగితే అడవి రోడ్డు. తిరగకపోతే పాత పడవల రేవుకి దిగే నిట్టనిలువు వాలు.

ఆ ఆదివారం సరస్సు మీద నుంచి గాలి సూదుల్లా గుచ్చుకుంది. గుంపులో అందరికంటే పెద్దది, అందరికంటే మెల్లగా తొక్కే టీచరమ్మ వణికిపోతుంటే, అత్తయ్య తన నారింజ రంగు జాకెట్ విప్పి ఆవిడకి తొడిగింది. ఆ జాకెట్ తోక గుర్తు. ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఇచ్చింది. ఆ తర్వాత ఒకతని చైన్ తెగితే అతని దగ్గర ఆగింది. టీచరమ్మ మెల్లగా ముందుకి సాగింది. వాన మొదలైంది. అత్తయ్య మూడు దారుల దగ్గరికి వచ్చేసరికి చెట్టుకి కొంగ బాణం లేదు.

టీచరమ్మ ఎడమకే తిరిగి ఉంటుందని అత్తయ్య ఆశపడింది. అడవి రోడ్డు మీద ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కి క్లబ్బు షెడ్డు చేరింది. టీచరమ్మ రాలేదు. మళ్ళీ అందరూ వెనక్కి పరిగెత్తారు. చీకటి పడకముందే దొరికింది. రేవు దగ్గర రేకుల కప్పు కింద, విరిగిన భుజం ఎముకని చేత్తో పట్టుకుని, ఆ నారింజ జాకెట్‌తోనే కూర్చుని ఉంది. బాణం కనబడక నేరుగా వాలు దిగిపోయి, తడి రోడ్డు మీద జారి పడింది.

వాళ్ళంతా వెతుకుతుంటే నేను షెడ్డు దగ్గర వ్యాన్ సర్దుతున్నాను. డ్రైవర్ సీటు కింద కొంగ బాణం కనబడింది. చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది. కాస్సేపటికి అత్తయ్య సంచి తెచ్చి కుమ్మరిస్తే మిగతా బాణాల నుంచి నీళ్ళు కారాయి, బురద కారింది. నాకు తెలిసిపోయింది. ఆవిడ తడిజుట్టు పిండుకుంటూ ఉండగానే చెవిలో చెప్పాను.

అత్తయ్య జుట్టు ముడేసుకుంది. తర్వాత, "నువ్వు చెప్పకు. వాడే చెప్తాడు," అంది.

ఆ వారమంతా నేను బాబాయిని చూస్తూ కూర్చున్నాను. రోజూ మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. మళ్ళీ వడ్డించుకున్నాడు. జాకెట్ ఇచ్చి తోకక్కే కొంప ముంచిందని వీధంతా అంటుంటే, ఆయన తల అడ్డంగా ఊపి, అక్కకి వయసు మీద పడుతోంది పాపం అన్నాడు. పాపం అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మజ్జిగ గ్లాసు ఆయన ముందు పెడుతుంటే, కావాలనే ఒలికేలా పెట్టాను. ఆయన చొక్కా తుడుచుకుని, పిల్లకి పరాకు ఎక్కువైందన్నాడు. అత్తయ్య ఆయన పళ్ళెం వైపు చూసేది, మొహం వైపు చూసేది. రోజురోజుకీ ఆవిడ దవడ బిగుసుకుపోతోంది. టీచరమ్మ ఇంటి నుంచి జాకెట్ ఉతికి, ఇస్త్రీ చేసి పంపించారు. అత్తయ్య దాన్ని షెడ్డులో మేకుకి తగిలించి వచ్చింది.

శనివారం సెక్రటరీ గారు అందరినీ షెడ్డుకి పిలిచారు. మెత్తని మనిషి. మెత్తగానే కోస్తారు. అత్తయ్య సేవల్ని మరిచిపోలేమన్నారు. ఇక మీదట తోక పని జిమ్ము నడిపే కుర్రాడు చూసుకుంటాడని, అత్తయ్య వ్యాన్‌లో కూర్చుని పళ్ళు పంచితే చాలని అన్నారు. జిమ్ము కుర్రాడు నేల చూపులు చూశాడు. బాబాయి మాత్రం అదే మంచిదన్నట్టు తలాడించాడు.

"జాకెట్ ఇవ్వడం నా తప్పే. ఆ రోజే ఒప్పుకున్నాను," అంది అత్తయ్య. "బాణం సంగతేమిటి?"

గాలికి ఊడిపోయి ఉంటుందిలే అక్కా అన్నాడు బాబాయి. ఎంత తేలిగ్గా అన్నాడో.

అత్తయ్య ఆయన వంక చూడకుండానే, "అమ్మాయ్, కొంగ బాణం పట్రా," అంది.

తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పమంది. నలుగురిలో నా నోరు పెగలదు. అత్తయ్యకి ఆ సంగతి తెలుసు. అయినా అడిగింది. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. నేను బాణంకేసి చూస్తూ చెప్పాను.

"వ్యాన్‌లో. సీటు కింద. అన్ని బాణాలూ తడిశాయి, ఇదొక్కటే తడవలేదు."

వాన రాకముందే విప్పిన బాణం. తోక ఇంకా వెనకే ఉండగా విప్పిన బాణం. అక్కడున్న ప్రతి ఒక్కరికీ దాని అర్థం తెలుసు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆ సాయంత్రం టీవీలో మ్యాచ్ ఉందట. తొందరగా ఇల్లు చేరాలని, అక్కకి సాయం చేసినట్టూ ఉంటుందని, మూడు దారుల దగ్గర వ్యాన్ ఆపి చూశాడట. దూరంగా మలుపులో నారింజ రంగు కనబడింది. "నువ్వే వస్తున్నావనుకున్నానక్కా. ఇంక వెనక ఎవరూ ఉండరు కదా, నీకు దారి తెలుసు కదా అని విప్పేశాను."

"రంగు చూశావు. మనిషిని చూడలేదు."

"పొరపాటు అయిపోయింది."

"పొరపాటు సరే. ఆ ముసలావిడ ఎముక విరిగి రేవులో కూర్చుంటే, నువ్వు బాణం సీటు కింద తోసి నాతో పాటు వెతికావు చూడు, దాన్నేమంటారు? వారం రోజులు నా చేతి అన్నం తిన్నావు. ఒక్క ముద్దయినా గొంతులో అడ్డం పడలేదురా?"

అత్తయ్య అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బాబాయి ముక్కు చీదుకుంటూ, ఇంటి పరువు బజారున పెట్టాలా అని గొణిగాడు.

"నా పరువు వారం నుంచీ బజార్లోనే ఉంది. నువ్వు దాని పక్కన నిలబడి పాపం అంటున్నావు."

సెక్రటరీ గారు ఇద్దరి వైపూ తప్పుందని, అక్కాతమ్ముళ్ళు ఇంట్లో కూర్చుని తేల్చుకుంటే పోతుందని సర్దబోయారు. తేలిపోయిందండీ, అంది అత్తయ్య. వెళ్ళి మేకు మీది జాకెట్ తీసి తొడుక్కుంది. జిప్పు మెడ దాకా లాగింది. మళ్ళీ ఇది విప్పితే అప్పుడు నన్ను తీసెయ్యండి అంది. సెక్రటరీ గారు జిమ్ము కుర్రాడి వైపు చూశారు. వాడు, నాకొద్దండీ, తోకక్క ఉండగా నేనెందుకు అని వెనక్కి తగ్గాడు.

అత్తయ్య బాణాల సంచి ఎత్తి బాబాయి భుజానికి తగిలించింది.

"రేపటికి దారి కట్టాలి. సైకిలెక్కు."

బాబాయికి సైకిల్ అలవాటు తప్పి ఎన్నేళ్ళయిందో. మొదటి ఎత్తుకే రొప్పాడు. ఆయన ముందు, నేను మధ్యలో, అత్తయ్య వెనక. ప్రతి చీలిక దగ్గరా ఆయనే దిగి, పాత ట్యూబు ముక్కలతో బాణం బిగించాడు. అత్తయ్య వచ్చి ఊపి చూసేది. వదులుగా ఉంటే విప్పి మళ్ళీ కట్టించేది. సరస్సు పొడవునా వినబడింది ఆయన ఆయాసమే.

మూడు దారుల దగ్గర కొంగ బాణం కట్టాక బాబాయి చెట్టు మొదట్లో కూలబడ్డాడు. మొహం ఎర్రబడిపోయింది. తప్పయిందక్కా అన్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు, నాకు తెలిసింది. అత్తయ్య బాణాన్ని గట్టిగా ఊపింది. కదల్లేదు.

"వెళ్ళి టీచరమ్మకి చెప్పు. నాకు చెప్పడానికి నీకు వారం టైమిచ్చాను, అయిపోయింది. లే."

"కాళ్ళు లేవట్లేదు. మీరిద్దరూ వెళ్తూ ఉండండక్కా, నేను వెనకాల మెల్లగా వస్తాను."

అత్తయ్య ఒక కాలు నేల మీద ఆనించి, సైకిల్ మీదే నిలబడింది. జాకెట్ అంచు సర్దుకుంది. ఆవిడ మొహంలో కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

"తోక ముందు వెళ్ళదు," అంది. "నువ్వు లేచేదాకా ఇక్కడే ఉంటాను."